వీడియో కెమెరా ఎంపిక

కదిలే దృశ్యమును ధ్వనితో సహా నమోదు చేసే పరికరమును వీడియో కెమెరా అంటారు. ఒకప్పుడు ఇది స్టూడియోల వద్ద, పెళ్ళి వీడియోలు తీసేవారి వద్ద మాత్రమే కనిపించేది. ఇప్పుడు విద్యార్థులు, ఉపాధ్యాయులు, లఘుచిత్రాలు తీయదలచినవారు, ఇంటిలోని పెద్దల పాటలను, మాటలను భద్రపరచుకోదలచినవారు కూడ కొంటున్నారు. పరిమితమైన సొమ్ముతో కొనేవారికి పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసిన మెగాపిక్సెళ్ళు, జూమ్, 4కే వంటి అంకెలు అంతగా ఉపయోగపడవు. విడి మైకు తగిలించే వీలున్నదా, వెలుతురు చాలని గదిలో బొమ్మ ఎట్లా వస్తుంది, ఆగకుండా ఎంతసేపు నడుస్తుంది అనే మూడు విషయాలే చౌక కెమెరాలలో మంచిచెడ్డలను నిర్ణయిస్తాయి. ఈ మూడింటిలో ఏదియును సాధారణముగా పెట్టె మీద ఉండదు.

చరిత్ర

కెమెరా, టేపు రికార్డరు రెండూ ఒకే పరికరములో ఇమిడి ఉన్న క్యామ్‌కార్డరును సాధారణ వినియోగదారుల కొరకు సోనీ సంస్థ 1983లో బీటామూవీ అను పేరుతో విడుదల చేసినది. మరుసటి సంవత్సరము జేవీసీ వారి జీఆర్-సీ1, 1985లో సోనీ వారి 8 మి.మీ. టేపు హ్యాండీక్యామ్ వచ్చినవి. 1995లో డీవీ అనే డిజిటల్ టేపు, 2006లో సోనీ, పానసోనిక్ సంస్థలు కలిసి రూపొందించిన ఏవీసీహెచ్‌డీ పద్ధతి వాడుకలోకి వచ్చినవి.

తక్కువ ఖర్చుతో తీయదలచినవారికి అసలు మలుపు 2008లో వచ్చినది. ఆ సంవత్సరము విడుదలైన నికాన్ డి90, వీడియో తీయగలిగిన మొదటి డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా. అదే సంవత్సరము వచ్చిన కానన్ 5డి మార్క్ 2 పూర్తి హెచ్‌డీ (1920×1080) వీడియోను తీసినది. అంతవరకు సినిమా కెమెరాలకే పరిమితమైన పెద్ద సెన్సారు ఫోటో కెమెరా ధరకు అందినది. రామ్ గోపాల్ వర్మ తన 'దొంగల ముఠా' (2011) చిత్రమును ఇటువంటి కానన్ 5డి కెమెరాలతో ఐదు రోజులలో చిత్రీకరించి చర్చనీయాంశము చేశారు. ఆ తరువాత తెలుగు లఘుచిత్రాలు తీసే యువకుల చేతిలో డిజిటల్ ఎస్సెల్లార్ సామాన్యమైపోయినది.

కొనుటకు ముందు

మొదట వేసుకోవలసిన ప్రశ్న, కెమెరా అసలు అవసరమా అన్నది. చేతిలో ఉన్న మంచి స్మార్ట్‌ఫోను పగటి వెలుతురులో, పది అడుగుల లోపు దూరములో తీసే వీడియో, ఊరూపేరూ లేని చౌక 'హ్యాండీక్యామ్' తీసే వీడియో కంటే చాలా మేలుగా ఉంటుంది. '4కే, 48 మెగాపిక్సెళ్ళు' అని ఆన్‌లైన్ దుకాణాలలో అమ్ముడయ్యే ఇటువంటి కెమెరాలలో చాలావాటి సెన్సారు అన్ని బిందువులను నిజముగా చూడదు. తక్కువ బిందువులతో చూసిన బొమ్మను లెక్కగట్టి పెద్దదిగా సాగదీస్తుంది. దీనిని ఇంటర్‌పొలేషన్ అంటారు. పాలలో నీళ్ళు పోసి కొలత పెంచుట వంటిదే ఇది. వీటిలో కొన్నింటి కటకము ఒకే దూరమునకు బిగించి ఉంటుంది, దగ్గరి వస్తువుపై ఫోకస్ కుదరదు.

ఫోను చాలని సందర్భాలు వేరు. సభామందిరము వెనుక నుండి వేదికను తీయవలసి వచ్చినపుడు, రాత్రి కార్యక్రమములలో, గంటల తరబడి సాగే హరికథ, నాటకము వంటివాటికి కెమెరా కావలెను. తీయబోయేది ఏమిటో ముందుగా ఒక కాగితము మీద వ్రాసుకొనుట మంచిది. లఘుచిత్రమునకు సరిపోయే కెమెరా వార్షికోత్సవమునకు సరిపోకపోవచ్చును.

సెన్సారు, కటకము

కటకము గుండా వచ్చే కాంతిని విద్యుత్ సంకేతముగా మార్చే పలకను సెన్సారు అంటారు. దీని తొలి రూపమైన సీసీడీని 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టారు. అందుకు వారికి 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగము లభించినది. నేటి కెమెరాలలో దాని స్థానమును సీమాస్ సెన్సారు ఆక్రమించినది.

సెన్సారు వైశాల్యము పెరిగినకొద్దీ ఎక్కువ కాంతి అందుతుంది, చీకటిలో బొమ్మ మీద కనిపించే చుక్కల గోల తగ్గుతుంది. చౌక క్యామ్‌కార్డర్లలో, ఎక్కువ జూమ్ ఉన్న చిన్న కెమెరాలలో సెన్సారు సుమారు 6×4.5 మి.మీ. మాత్రమే. 'ఒక అంగుళము' సెన్సారు 13.2×8.8 మి.మీ. ఇందులో అంగుళము పొడవున్నది ఏదీ లేదు. పాత టెలివిజన్ కెమెరాలలోని గాజు గొట్టముల వ్యాసమును బట్టి వచ్చిన పేరు అది, కొనేవారిని మాత్రము నేటికీ తికమక పెడుతున్నది. ఏపీఎస్-సీ సెన్సారు సుమారు 23×15 మి.మీ., ఫుల్ ఫ్రేమ్ 36×24 మి.మీ. ఉంటాయి. అనగా ఏపీఎస్-సీ సెన్సారు వైశాల్యము చిన్న క్యామ్‌కార్డరు సెన్సారు వైశాల్యమునకు పన్నెండు రెట్ల పైమాటే.

అట్లని పెద్ద సెన్సారు అన్నింటికీ మంచిది కాదు. సెన్సారు పెద్దదైతే దూరపు వస్తువులను దగ్గరగా చూపే కటకము పెద్దదిగా, బరువుగా, ఖరీదుగా తయారవుతుంది. ఫోకస్‌లో ఉండే లోతు తగ్గుతుంది, మాట్లాడే మనిషి ఒక అడుగు ముందుకు జరిగితే ముఖము మసకబారవచ్చును. నలభై అడుగుల దూరము నుండి పిల్లల నాటకమును తీయవలసిన ఉపాధ్యాయునికి, వేదికపై దీపాలు బాగుంటే, పేరున్న సంస్థ తయారుచేసిన చిన్న సెన్సారు క్యామ్‌కార్డరే అనుకూలము. ఇక్కడ ఆప్టికల్ జూమ్ అంకెను మాత్రమే లెక్కలోనికి తీసుకోవలెను. డిజిటల్ జూమ్ అనగా బొమ్మ మధ్యభాగమును కత్తిరించి పెద్దది చేయుట మాత్రమే. ఆ పని ఇంటికి వచ్చి కంప్యూటరు మీద కూడ చేసుకోవచ్చును.

కటకములు మార్చుకోగల కెమెరాలతో సాధారణముగా 18-55 మి.మీ. నాభ్యంతరము గల కటకము ఇస్తారు. దీని ద్వారము జూమ్ చివరన ఎఫ్/5.6 వరకే తెరుచుకొంటుంది. విడిగా, తక్కువ ధరకు దొరికే 50 మి.మీ. ఎఫ్/1.8 కటకము అంతకు తొమ్మిది రెట్లకు పైగా కాంతిని లోనికి రానిస్తుంది (5.6ను 1.8తో భాగించి వర్గము చేసి చూడవచ్చును). ఒక్క ట్యూబులైటు ఉన్న గదిలో ఖరీదైన కెమెరాకు మామూలు కటకము తగిలించుట కంటే పాత కెమెరాకు ఈ కటకము తగిలించుట మేలు. అయితే ఏపీఎస్-సీ కెమెరాపై ఇది ఫుల్ ఫ్రేమ్‌లో 75-80 మి.మీ. కటకము చూసినంత ఇరుకైన దృశ్యమునే చూపుతుంది. కనుక చిన్న గదిలో తీసేవారు గోడకు ఆనుకొని నిలబడవలసి వస్తుంది.

ధ్వని

బొమ్మ కొంచెము మసకగా ఉన్నా జనులు చూస్తారు, మాట వినబడకపోతే చూచుట మానుతారు. ఇంటి పెద్దల మాటలను భద్రపరచుట కొరకు తీసే వీడియోలలో అయితే మాటే అసలు వస్తువు. ఆ మనిషి మరల దొరకని నాడు ఫ్యాను హోరులో కలిసిపోయిన గొంతును ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తిరిగి తేలేదు.

ధ్వని తీవ్రత దూరపు వర్గమునకు విలోమముగా మారుతుందని పాఠశాలలో చదివినదే. మైకు ఒక అడుగు దూరములో ఉన్నప్పటి తీవ్రత, ఎనిమిది అడుగుల దూరములో అరవైనాలుగవ వంతుకు పడిపోతుంది. గదిలోని ఫ్యాను, వీధిలోని ఆటో మాత్రము అట్లే వినబడుతూ ఉంటాయి. కెమెరాలో అమర్చిన మైకు ఎంత మంచిదైనా కెమెరా ఉన్నచోటనే ఉంటుంది, మాట్లాడే మనిషి దగ్గరకు పోదు. అందుచేత చొక్కాకు తగిలించే చిన్న మైకు ఉపయోగము. దానిని తగిలించుటకు కెమెరాకు 3.5 మి.మీ. మైకు రంధ్రము ఉండవలెను.

ఈ ఒక్క విషయములో ఒకే సంస్థ కెమెరాల మధ్యనే ఎంత తేడా ఉంటుందో కానన్ 1500డి (2018), కానన్ 200డి (2017) చూస్తే తెలుస్తుంది. రెండూ ఏపీఎస్-సీ ఎస్సెల్లార్లే, రెండూ 24 మెగాపిక్సెళ్ళవే. మొదటిదానికి మైకు రంధ్రము లేదు. వెనుక తెర కదలదు, వీడియో తీస్తున్నంతసేపు కదిలే వ్యక్తిని ఫోకస్ అనుసరించదు. రెండవదానికి ఈ మూడూ ఉన్నవి. ఫోటోలు మాత్రమే తీసేవారికి ఈ భేదము పెద్దది కాకపోవచ్చును, వీడియో తీసేవారికి ఇదే సర్వస్వము. నికాన్ డి3500 (2018) కెమెరాకు కూడ మైకు రంధ్రము లేదు. దుకాణదారుని మాట మీద ఆధారపడక కెమెరా ప్రక్కనున్న రబ్బరు మూత తెరిచి స్వయముగా చూచుకోవలెను. హెడ్‌ఫోను రంధ్రము కూడ ఉంటే తీస్తున్నపుడే లోపములు తెలుస్తాయి, కాని చౌక కెమెరాలలో ఇది అరుదు.

మైకు కొనేటపుడు దాని పిన్నును కూడ చూడవలెను. పిన్ను మీద నల్లని గీతలు రెండు ఉంటే కెమెరాకు, మూడు ఉంటే ఫోనుకు ఉద్దేశించినది. ఫోను మైకును తిన్నగా కెమెరాకు గుచ్చితే శబ్దము రాకపోవచ్చును. మధ్యన చిన్న మార్పిడి తీగ కావలెను. సభలలోని మిక్సరు నుండి తీగను నేరుగా మైకు రంధ్రములోనికి ఇచ్చుట మరొక సాధారణమైన పొరపాటు. ఆ సంకేతము మైకు సంకేతము కంటే ఎన్నో రెట్లు బలమైనది కనుక ధ్వని పగిలిపోతుంది.

మైకు రంధ్రము లేని కెమెరా ఇప్పటికే ఉన్నవారు దిగులుపడనక్కరలేదు. ఫోనులో ధ్వనిని విడిగా రికార్డు చేస్తూ, కెమెరా ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టి, తరువాత కంప్యూటరులో ఆ చప్పుడును చేతులు కలిసిన చిత్రముతో జతపరచవచ్చును. సినిమాలలో క్లాపు కొట్టుటకు మూలకారణము ఇదే.

దీపములు, చిత్రముల వేగము

భారతదేశములో విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తములతో ప్రవహిస్తుంది. అందుచేత ట్యూబులైట్లు, చౌకరకపు ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు 100 మారులు మినుకుమంటాయి. కంటికి ఇది కనబడదు, కెమెరాకు కనబడుతుంది. షట్టరు 1/50 లేక 1/100 సెకను తెరచి ఉంటే ప్రతి చిత్రములోను పూర్తి మినుకులు ఇముడుతాయి. 1/60 సెకను అయితే చిత్రానికీ చిత్రానికీ కాంతి మారి, బొమ్మ మీద నల్లని పట్టీలు ప్రాకుతున్నట్లు కనిపిస్తుంది.

అమెరికాలో విద్యుత్తు 60 ఆవర్తములది. అక్కడ స్థిరపడిన పిల్లలు పంపిన లేక సెలవులకు వచ్చినపుడు తెచ్చి ఇచ్చిన క్యామ్‌కార్డరు మన ఇంటి దీపాల క్రింద వణుకుతున్న బొమ్మను ఇచ్చుటకు కారణము చాలాసార్లు ఇదే, కెమెరా చెడిపోయినదని కాదు. చాలా కెమెరాల మెనూలో ఎన్‌టీఎస్‌సీ నుండి పాల్ పద్ధతికి మార్చుకొనే వీలున్నది. ఆ వీలు లేని కెమెరాలో షట్టరునైనా 1/50 లేక 1/100 వద్ద స్థిరపరచాలి. రెండును కుదరని కెమెరాను బహుమతిగానైనా తేవద్దని ముందే చెప్పుట ఉత్తమము. జపానులో అమ్మే కొన్ని కెమెరాలలో మెనూ జపాను భాషలోనే ఉంటుందన్నది కూడ గుర్తుంచుకోవలెను.

ఎంతసేపు నడుస్తుంది

ఫోటో కెమెరాలలో అనేకము 29 నిమిషముల 59 సెకనుల తరువాత వాటంతట అవే రికార్డింగు ఆపివేస్తాయి. ఇది యంత్రలోపము కాదు. ఐరోపాలో అరగంట, ఆ పైన ఆగకుండా తీయగలిగిన పరికరమును వీడియో కెమెరాగా లెక్కించి ఎక్కువ సుంకము విధించేవారు. ఆ సుంకమును తప్పించుకొనుటకు తయారీదారులు ఒక సెకను ముందుగా ఆపివేసే ఏర్పాటు చేశారు. ఎక్కడి సుంకమో ఇక్కడి హరికథను సగములో ఆపినట్లయినది. కానన్ 200డి వంటి ఎస్సెల్లార్లలో ఈ పరిమితి ఉన్నది. క్యామ్‌కార్డర్లలో లేదు, కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలలో చాలావాటిలోను తొలగించబడినది.

వేడి మరొక అడ్డంకి. చాలా కెమెరాల సూచనల పుస్తకములో పనిచేయు ఉష్ణోగ్రత 0 నుండి 40 డిగ్రీలు అని వ్రాసి ఉంటుంది. రెంటచింతల, రామగుండము వేసవిని ఎరిగినవారికి దీని అర్థము వివరించనక్కరలేదు. చిన్న శరీరము గల కెమెరాలు 4కేలో తీస్తున్నపుడు త్వరగా వేడెక్కి ఆగిపోతాయి. నీడలో ఉంచుట, తెరను కెమెరా నుండి దూరముగా తెరచి ఉంచుట, అవసరము లేనపుడు 4కే మానుట కొంతవరకు పనిచేస్తాయి. బ్యాటరీ బదులు గోడ విద్యుత్తుతో గాని పవర్ బ్యాంకుతో గాని నడిచే వీలున్నదా అన్నది కూడ కొనేముందే అడగవలెను.

4కే అవసరమా

పూర్తి హెచ్‌డీ చిత్రములో సుమారు 20.7 లక్షల బిందువులు, 4కే (3840×2160) చిత్రములో సుమారు 83 లక్షల బిందువులు ఉంటాయి. నాలుగు రెట్లు. ఖర్చు కూడ ఆ వెంటనే పెరుగుతుంది. సెకనుకు 100 మెగాబిట్ల వేగముతో నమోదు చేసే 4కే వీడియో గంటకు 45 గిగాబైట్లను ఆక్రమిస్తుంది, 64 గిగాబైట్ల కార్డు గంటన్నర కూడ రాదు. కార్డు మీద వి30 లేక యూ3 గుర్తు ఉండవలెను, అనగా సెకనుకు కనీసము 30 మెగాబైట్లు వ్రాయగలది. దానిని కూర్చుటకు తగిన కంప్యూటరు లేనివారికి 4కే భారమే. 2013లో ప్రమాణీకరించబడిన హెచ్.265 పద్ధతిలో తీసిన ఫైళ్ళను పాత కంప్యూటర్లు తడబడుతూ చూపిస్తాయి.

చౌక కెమెరాలలోని 4కేకు షరతులు కూడ ఉంటాయి. కానన్ ఎం50 (2018), 200డి మార్క్ 2 (2019) కెమెరాలు 4కేలో తీసేటపుడు బొమ్మ అంచులను బాగా కత్తిరిస్తాయి, హెచ్‌డీలో ఉన్న చురుకైన ఫోకస్ పద్ధతి అప్పుడు పనిచేయదు. వీటిని హెచ్‌డీ కెమెరాలుగానే భావించి కొనుట న్యాయము. సోనీ జడ్‌వీ-ఈ10 (2021) సెకనుకు 30 చిత్రాలతో 4కే తీస్తే అంచులు కొంత పోతాయి, 25 చిత్రాలతో తీస్తే పోవు. మన దీపాలకూ 25 సరిపోతుంది కనుక ఇక్కడివారికి అది లాభమే. ఈ కెమెరాకు మైకు, హెడ్‌ఫోను రంధ్రములు రెండూ ఉన్నవి. సెన్సారును కదిల్చి వణుకును సరిదిద్దే ఏర్పాటు లేదు. కెమెరాను వేగముగా ప్రక్కకు త్రిప్పితే స్తంభాలు వంగినట్లు కనిపించే రోలింగ్ షట్టరు దోషము ఇందులో ఎక్కువ.

పాత కెమెరాలు

తక్కువ సొమ్ము ఉన్నవారికి వాడిన కెమెరా మంచి మార్గము, ఎందుకనగా ఐదారు సంవత్సరముల క్రిందటి మంచి కెమెరా నేటి నాసి కెమెరా కంటే మేలు. కాని టేపు కెమెరాల జోలికి పోరాదు. ఎంత చౌకగా వచ్చినా వాటికి టేపులు దొరకవు, కంప్యూటరులోనికి ఎక్కించుటకు కావలసిన ఫైర్‌వైర్ రంధ్రము నేటి కంప్యూటర్లలో లేదు. ఇంటిలో పాత డీవీ టేపులు ఉన్నవారు మాత్రము, టేపులు పాడగుటకు ముందే వాటిని ఎక్కించుకొనుటకై పనిచేసే కెమెరాను ఒకదానిని వెతికి పట్టుకొనుట అవసరము. ఒక గంట టేపు సుమారు 13 గిగాబైట్లు అవుతుంది.

వాడిన కెమెరాను చూచుటకు పోయేటపుడు ఒక మెమొరీ కార్డు, ఒక మైకు, ఒక టార్చిలైటు వెంట తీసుకుపోవలెను. కటకము గుండా టార్చి వెలుగును పంపి చూస్తే లోపల సాలెగూడు వంటి తెల్లని దారములు కనిపించవచ్చును. అది బూజు. కోస్తా ప్రాంతపు తేమలో బీరువాలో మూసిపెట్టిన కటకములకు ఇది తరచుగా పడుతుంది, శుభ్రము చేయించినా గాజుపై మచ్చ మిగలవచ్చును. తరువాత మూత పెట్టి చీకటిలో ఒక నిమిషము వీడియో తీసి చూస్తే, పాడైన పిక్సెళ్ళు కదలని ఎర్ర, నీలి చుక్కలుగా బయటపడతాయి. మైకును గుచ్చి పిన్నును మెల్లగా కదిలిస్తూ రికార్డు చేయాలి, కరకర శబ్దము వస్తే రంధ్రము వదులైనదని అర్థము. తెర మడత దగ్గర ఆరిపోతున్నదేమో పదిసార్లు త్రిప్పి చూడాలి. చివరగా, అమ్మేవారు ఎంత తొందరపెట్టినా కనీసము ఇరవై నిమిషములు ఆగకుండా తీయవలెను. అరిగిన బ్యాటరీ, వేడెక్కే కెమెరా అప్పుడే బయటపడతాయి.

ఇతర సామగ్రి

ఉన్న సొమ్మునంతా కెమెరాకే ఖర్చుపెట్టుట కొత్తవారు చేసే పొరపాటు. సుమారు మూడవ వంతు మైకు, ముక్కాలి స్టాండు, రెండవ బ్యాటరీ, మంచి కార్డు కొరకు విడిచిపెట్టుట తగినది. స్టాండు తేలికగా ఉంటే గాలికి వణుకుతుంది. ఫోటోలకు ఉద్దేశించిన చౌక స్టాండును త్రిప్పినపుడు కుదుపు వస్తుంది. వీడియో కొరకు నూనె నింపిన తల గలది కొనలేనివారు కెమెరాను త్రిప్పకుండా ఒకే చోట నిలిపి తీయుట మంచిది. కార్డును బిల్లు ఇచ్చే దుకాణములో కొని, మొదటి రోజుననే దానిని పూర్తిగా నింపి తిరిగి చదివి చూడవలెను. నకిలీ కార్డులు 128 గిగాబైట్లని చూపించి, కొంత నిండిన తరువాత పాత దృశ్యాల మీదనే కొత్తవి వ్రాస్తూపోతాయి. ఎదుట తెర మీద మాత్రము అంతా సవ్యముగా నడుస్తున్నట్లే కనిపిస్తుంది.